ఆల్బుమిన్‌ను ఆపింది, నేతి ఇడ్లీని ఆపలేకపోయింది: రెండున్నరేళ్ల కాలమ్ అనుభవం

గుంటూరులోని మా చిన్న ప్రయోగశాలకు ఈ సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ (రేణువులను పరిమాణాన్ని బట్టి వేరు చేసే, జెల్ నింపిన గొట్టం; పెద్దవి ముందు, చిన్నవి తర్వాత దిగుతాయి) రాకముందు, ప్లాస్మా నుంచి వెసికిల్స్ (శరీర కణాలు వదిలే అతి సూక్ష్మమైన తిత్తులు) తీయాలంటే ఐస్ పెట్టె ఒళ్లో పెట్టుకుని విజయవాడ వెళ్లేదాన్ని. అక్కడ అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో లక్ష జీ (గురుత్వాకర్షణకు లక్ష రెట్లు) బలంతో గంటకు పైగా తిప్పితే అడుగున కనబడీ కనబడని ముద్ద మిగిలేది. అందులో రక్తంలో ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్ కూడా చేరేది.

కాలమ్ ఆ బాధ తీర్చింది. అర మిల్లీలీటరు ప్లాస్మా పోసి, పైన బఫర్ ద్రవం పోస్తూ, కింద దిగేదాన్ని వరసగా ట్యూబుల్లో పడితే చాలు. కరెంటు పోయినా పని ఆగదు. మొదటిసారి ఏడు, ఎనిమిది, తొమ్మిది ట్యూబుల్లో వెసికిల్స్‌కు గుర్తుగా చూసే ప్రోటీన్ సీడీ9 గీత పరీక్షలో నల్లగా తేలి, ఆల్బుమిన్ దాదాపు అంతా తర్వాతి ట్యూబులకు వెళ్లిపోయిన రోజున నాకు కళ్లు చెమర్చాయి. అడిగినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను.

పోయిన మే నెలలో రక్తమిచ్చేవాళ్లను ఆ ఎండలో ఖాళీ కడుపుతో రప్పించడం ఇష్టం లేక టిఫిన్ చేసి రమ్మన్నాం. పెసరట్టు ఉప్మా, నేతి ఇడ్లీ తిని వచ్చారు. ప్లాస్మా కొంచెం మసకగా ఉంది, నేను పట్టించుకోలేదు. నానో కణాల లెక్క చూస్తే మునుపటికి మూడింతలు! రెండు వారాలు ఆ సంతోషంలోనే గ్రాఫులు గీశాను. అవి చూసి మా మేడమ్ అడిగిన ప్రశ్న ఒక్కటే: "కణాలు మూడింతలైతే సీడీ9 కూడా పెరగాలి కదమ్మా?"

పెరగలేదు. గీత ఎప్పటిలాగే ఉంది. కొవ్వు రేణువుల మీద ఉండే ప్రోటీన్ అపో-బి మాత్రం పరీక్ష మెంబ్రేన్ మీద మసిపూసినట్టు కనబడింది. నేను లెక్కపెట్టినవాటిలో ఎక్కువ భాగం భోజనం తర్వాత రక్తంలోకి చేరే కైలోమైక్రాన్లనే కొవ్వు రేణువులు, వాటితో పాటు వీఎల్‌డీఎల్ అనే మరో రకం కొవ్వు రేణువులు. కాలమ్‌కు పరిమాణం ఒక్కటే తెలుసు. ఆ కొవ్వు రేణువులు వెసికిల్స్ అంతే ఉంటే, వాటితోపాటే దిగుతాయి. లెక్కపెట్టే యంత్రానికీ వాటి మధ్య తేడా తెలియదు. రక్తం నమూనాల్లో అపో-బి, ఆల్బుమిన్ లాంటి కల్తీ గుర్తులు చూడమని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పనే చెప్పాయి. నేను ఆల్బుమిన్ ఒక్కటి చూసి ఊరుకున్నాను.

కాలమ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడితే గాలి బుడగలు పట్టి జెల్ పాడవుతుంది, అది అలవాటుతో సర్దుకుంటుంది. వెసికిల్స్ పలుచబడి రావడం మాత్రం ఇప్పటికీ ఇబ్బందే. ఫిల్టర్‌తో చిక్కబరిస్తే కొన్ని దానికే అంటుకుపోతాయి.

ల్యాబ్‌లో కణాలు పెంచిన కల్చర్ ద్రవంతో పనిచేసేవాళ్లయితే ఇది కొనుక్కోండని ఇప్పటికీ చెబుతాను. నా పని రక్తంతో. పరగడుపున తీసినా వీఎల్‌డీఎల్ పూర్తిగా పోదు. అందుకని కాలమ్ తర్వాత అయోడిక్సనాల్ గ్రేడియంట్ (సాంద్రతను బట్టి వేరు చేసే ద్రవపు పొరలు) కూడా పెడుతున్నాం. తేలికైన కొవ్వు రేణువులు పైన తేలిపోతాయి, వెసికిల్స్ మధ్యలో ఆగుతాయి. సాంద్రతలో వెసికిల్స్‌కు దగ్గరగా ఉండే మరో కొవ్వు రేణువు హెచ్‌డీఎల్‌ను, చిన్నది కాబట్టి, కాలమ్ ముందే చాలావరకు వేరు చేసి ఉంటుంది. గ్రేడియంట్‌కు మళ్లీ విజయవాడ యంత్రమే గతి. నెలకు రెండుసార్లు ఆ ఏడు, ఎనిమిది, తొమ్మిది ట్యూబులను ఐస్‌లో పెట్టుకుని కనకదుర్గ వారధి దాటుతున్నాను.