తేలినీలాపురం తెల్లవారుజామున: జర్కినా, స్వెటర్‌పై విండ్‌చీటరా?

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీది పెలికాన్ పక్షులను పొద్దుపొద్దునే ఫొటో తీయాలంటే చలిలో, చీకటుండగానే బండెక్కాలి. ఆ చలికి మందపాటి జర్కిన్ మేలా, లేక స్వెటర్ మీద విండ్‌చీటర్ (గాలిని ఆపే పల్చటి కోటు) మేలా?

ఖర్చు: జర్కిన్ కొనాలి. స్వెటర్ ఇంట్లోనే ఉంటుంది. విండ్‌చీటర్ వానాకాలంలోనూ పనికొస్తుంది.

శ్రమ: జర్కిన్ తొడిగితే అయిపోయింది. ఎండెక్కాక మాత్రం దాన్ని చంకలో పెట్టుకుని లెన్స్ తిప్పడం నరకం. విండ్‌చీటర్‌ను మడిచి బ్యాగులో తోసేయొచ్చు. కానీ కరకరలాడుతుంది, గూళ్ల దగ్గరికి వెళ్లేముందు తీసేయండి.

రిస్క్: బండి మీద వణికించేది గాలి. ఉత్త స్వెటర్ దాన్ని ఆపలేదు. ఏది వేసుకున్నా గ్లవ్స్ తప్పవు, కొయ్యబారిన వేళ్లకు బ్రేకు అందదు. పొగమంచు దట్టంగా ఉంటే హైవే ఎక్కకండి.

బండి మీద వెళ్లి ఎండెక్కేదాకా తిరిగేవాళ్లకు స్వెటర్, విండ్‌చీటర్. సీతంపేట కొండల మీద ట్రైపాడ్ వేసి, కదలకుండా చుక్కల్ని ఫొటో తీసేవాళ్లకు జర్కినే.