ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, హైదరాబాద్ - పిల్లల బ్రెయిన్ ట్యూమర్‌కు రేడియేషన్, కీమో

మాది దేవరకొండ దిక్కు. మా అక్క కొడుక్కి చిన్నమెదడుల గడ్డ, మెడుల్లోబ్లాస్టోమా అని తేలింది, ఆపరేషన్ నిమ్స్‌ల అయింది, కరెంట్ పెట్టుడు (రేడియేషన్), కీమో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జేల నడిచినయి. నల్గొండ, పాలమూరు నుంచి పోయేటోళ్ళకు అక్కరకొస్తదని రాస్తున్న. నా రేటింగ్ 5కి 5.

నాకు మస్తు నచ్చింది వాళ్ళు ఇడమర్చి చెప్పుడు. గడ్డ తీసేసిన్రు గద మేడం, మళ్ళ వెన్నుకెందుకు కరెంట్ అని అక్క అడిగితే డాక్టర్ మేడం కాగితం మీద బొమ్మ గీసి చూపిచ్చింది, మెదడు చుట్టు ఉండే నీళ్ళే వెన్ను కింది దాక తిరుగుతయి, గా నీళ్ళల్ల క్యాన్సర్ కణాలు కొట్టుకపోయి వెన్నుల నాటుకుంటయి, అందుకే తల కాంచి నడుం కింది దాక పెట్టాలె, గడ్డ ఉన్న జాగల ఇంక జర ఎక్కువ డోస్. మూడేండ్ల లోపు పిల్లలకైతే మెదడు పెరిగే వయసు గాబట్టి వీలైనంత దాక రేడియేషన్ ఆపి కీమోతోనే నెట్టుకొస్తరంట.

రేడియేషన్ కోసం మాస్క్ చేసే దినం పిలగాడు బాగ భయపడ్డడు. ప్లాస్టిక్ జాలీని వేడి నీళ్ళల్ల మెత్తగ చేసి మొకం మీద పరుస్తరు, కొద్దిసేపట్ల గట్టిపడి మొకం అచ్చు దిగుతది, రోజూ అదే పెట్టి తల కదలకుండ బిగిస్తరు. "నొప్పి ఉండదు బిడ్డా, మీ అమ్మ గీడనే ఉంటది" అని టెక్నీషియన్ సార్ బుజ్జగిచ్చినంకనే పండుకున్నడు.

సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుతోని వినికిడి తగ్గే ప్రమాదం ఉంటది, చెవుల టెస్ట్ ఎగ్గొట్టకున్రి. ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్‌ల 10 లక్షలు చేసిన్రు, కార్డు ముందే సరిచూసుకోన్రి.

నా కోపమంత ఇంటికాడి ఒక క్లినిక్ మీద, పేరెందుకు గని, పొద్దుగాల లేవంగనే తలనొప్పి, వాంతులు, నడుస్తుంటె ఒక పక్కకు తూలుడు, ఇవన్ని చెప్పినా నులిపురుగుల మందే రాసుకుంట పోయిన్రు. గివన్ని కలిసి కనవడితే ఎంఆర్ఐ తీయిమని గట్టిగ అడగున్రి.

బయాప్సీ రిపోర్ట్, గడ్డ ముక్కలు దాచిపెట్టిన మైనం బ్లాకులు పారేయకున్రి. ఎపెండైమోమా, ఏటీఆర్‌టీ లాంటి వేరే రకం మెదడు గడ్డలు ఇంక అరుదు, గడ్డ రకాన్ని బట్టి ట్రీట్‌మెంటే మారిపోతది, ఇంకో డాక్టర్‌కు చూపియ్యాలంటే అవే అడుగుతరు. మా పిలగాడు ఇప్పుడు బడికి పోతుండు, చెయ్యి ఇంక వణుకుతది, ఫిజియోథెరపీ నడుస్తుంది.