గుత్తిలో దొరల గోరీలు, కర్నూల్లో గోల్ గుమ్మజ్

గుత్తికి పోయినవాళ్ళంతా కోట ఎక్కాలనే పోతారు. కొండ కిందే ఉన్న తెల్లవాళ్ళ శ్మశానం వైపు ఎవరూ తలైనా తిప్పరు. స్టేషన్ ఊరికి దూరం కాబట్టి ఆటో తప్పదు. "యాడికన్నా, కోటకేనా?" అన్నాడు ఆటో అతను. దొరల గోరీలు చూడాలన్నాను. "ఆడేముందన్నా చూసేకి?" అని నవ్వాడు గానీ సరిగ్గా అక్కడే దించాడు.

ఉన్నదేమిటంటే, మద్రాసు గవర్నరుగా ఉండి పోయిన సర్ థామస్ మన్రోను మొదట పూడ్చింది ఇక్కడే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక ఇక్కడ కలెక్టరుగా ఉండి, డేరాలు వేసుకుని ఊరూరా తిరిగి ఎవరికెంత శిస్తో లెక్కగట్టినవాడు ఆయన. 1807లో వెళ్తూ వెళ్తూ శిస్తు నాలుగో వంతు తగ్గించమని పైకి రాశాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే జనం ఆయన్ని ఎలా తలుచుకున్నారో అర్థమవుతుంది. ఇంగ్లాండు వెళ్ళిపోయే ముందు పాత జిల్లాలు ఒకసారి చూసుకుందామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి ఆ రోజే పోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చారు. 1831లో మళ్ళీ తవ్వి, మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. కడప వైపు మాత్రం ఇంకో కథ చెప్తారు: గండి దగ్గర కొండల మధ్య ఉన్న బంగారు తోరణం ఆయన కంట పడిందట, చావు దగ్గరపడ్డవాళ్ళకే అది కనిపిస్తుందట.

లోపల ముళ్ళకంప ఎక్కువ. చెప్పులతో పోవద్దు, బూట్లు వేసుకోండి. రాతిపలకల మీద అక్షరాలు కొన్ని అరిగిపోయాయి. సీసాలో నీళ్ళు పలక మీద పోసి, పక్క నుంచి ఎండ పడేటట్టు కూర్చుంటే ఒక్కో అక్షరం తేలుతుంది. దీనికి పొద్దున్నే పోవాలి. మిట్టమధ్యాహ్నం ఏమీ చదవలేం. ఇది ఎవరి శ్మశానం అని తెలుగులో ఒక బోర్డు పెట్టడం అంత కష్టమా? చూసి పైకి ఎక్కితే కోట ఎటూ ఉంది, గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మండపం ఉంది. నీళ్ళు మాత్రం మోసుకుపోవాల్సిందే.

కర్నూలులో గోల్ గుమ్మజ్‌కు ఈ తిప్పలేవీ లేవు. ఊళ్ళోనే, హంద్రీ ఒడ్డున ఉంది. బీజాపూర్ సుల్తానుల తరఫున 17వ శతాబ్దంలో కర్నూలు ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. రెండు గుమ్మటాలు, చుట్టూ కమానుల వరండా. కట్టడంగా చూస్తే గుత్తి గోరీలు దీని ముందు నిలవవు. చుట్టుపక్కల సీమంతా కంపెనీ చేతికి పోయినా కర్నూలు 1839 దాకా నవాబుల కిందే ఉంది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌కు మాత్రం సొంతూళ్ళో చావు రాసిపెట్టి లేదు. ఆయుధాలు పోగేశాడని పట్టుకుని తిరుచిరాపల్లికి పంపితే, 1840లో అక్కడ హత్యకు గురయ్యాడు. హంద్రీ వాసన ఎండాకాలంలో కాస్త ఓర్చుకోవాలి.

బస సంగతి. కర్నూలు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాను. ఏసీ గదికి డబ్బు తీసుకుని, రిమోట్ అడిగితే "పొద్దున ఇస్తాం సార్" అన్నారు! ఇంకో వీధి లోపలికి వెళ్తే అదే ధరకు మంచి గదులున్నాయి. గుత్తిలో రాత్రి ఉండాలనుకోకండి. అనంతపురమో కర్నూలో చూసుకుంటే మేలు, హైవే మీదే కాబట్టి బస్సులకు కొదవ లేదు. తిండికి దిగుల్లేదు. గుత్తిలో పొద్దున ఉగ్గాని, బజ్జి తిని కొండ దగ్గరికి పోతే మధ్యాహ్నం దాకా ఆకలి అనిపించదు.

ఒక్క పూటే ఉందంటే గుత్తికే పోండి. పిల్లలూ పెద్దవాళ్ళూ వెంట ఉంటే గోల్ గుమ్మజ్, కొండారెడ్డి బురుజు కలిపి చూసుకోవచ్చు.