గుర్రపుడెక్క ఆట: ఏడాదికి పైగా బడిలో ఆడించిన తరువాత

ఈ అట్ట ఆటలో నన్ను ఆకట్టుకున్నది ఒకే ఒక్క నియమం. ప్రతి చుట్టులోనూ ఆడేవారు చెరువులోంచి నాలుగు గుర్రపుడెక్క (నీటి మీద పరుచుకునే కలుపు మొక్క) బిళ్లలు మాత్రమే తీయాలి. ఆ తరువాత మిగిలినవన్నీ రెట్టింపవుతాయి. నాలుగు బిళ్లలున్నప్పుడే పూనుకుంటే చెరువు ఆ చుట్టులోనే శుభ్రమవుతుంది. ఎనిమిదయ్యాక దిగితే, నాలుగు తీయడం, మిగిలిన నాలుగూ మళ్లీ ఎనిమిది కావడం, ఎంతసేపు ఆడినా ఇదే తంతు. పదహారుకు చేరితే ఇక తీసినకొద్దీ పెరుగుతూనే ఉంటాయి.

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది దగ్గరే చిక్కుకుపోయినప్పుడు, "మన కాలువలోనూ ఇంతే కదా సార్, ఏటా తీయిస్తారు, ఏటా ఉంటుంది" అని ఒక అమ్మాయి అంది. అనువైన నీటిలో ఈ మొక్క రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదని పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా రాని మాట అది.

అయితే గుర్రపుడెక్కను తినే ముక్కుపురుగు కార్డు ఈ నియమాన్నే నీరుగారుస్తుంది. అది పడిన వెంటనే చెరువంతా ఖాళీ. 1980లలో బెంగళూరు హెబ్బాళ చెరువులో ఈ పురుగులను వదిలినప్పుడు ఫలితం కనబడడానికి రెండేళ్లకు పైగా పట్టింది. అందుకే ఆ కార్డును పెట్టెలోంచి తీసేశాను.

అసలు ఇబ్బంది రంగులతో వచ్చింది. బయటి నుంచి వచ్చిన జీవులన్నిటికీ, అన్నీ చేటు చేసేవే అన్నట్టు, ఎర్ర కార్డులు; మన జీవులకు నీలం కార్డులు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎర్ర కార్డు చూడగానే, రొయ్యల చెరువులున్న ఇంటి కుర్రవాడు "మరి వనామీది ఏ రంగు సార్?" అని అడిగాడు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరం నుంచి వచ్చి, 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన ఆ రొయ్య మీదే మా ఊళ్లో చాలా ఇళ్లు గడుస్తున్నాయి. పెట్టెలో దానికి కార్డే లేదు. పరాయి జీవి అయినంత మాత్రాన ఆక్రమణ జీవి కాదని, చెరువు దాటి బయటి నీటిలో తనంత తానుగా పెరిగి అక్కడి జీవులకు చేటు చేస్తేనే అలా అంటామని ఆ పీరియడంతా వివరించవలసి వచ్చింది. చర్చ బాగానే సాగింది కానీ, ఆ ఘనత ఆటది కాదు, ఆ కుర్రవాడిది.

కాలువ గట్టున బడి ఉన్న మాకు ఈ ఆట పనికివచ్చింది. గుర్రపుడెక్కను ఎన్నడూ చూడని పిల్లలకు ఆ ఎనిమిది బిళ్లల చిక్కు ఇంతగా పట్టుబడుతుందో లేదో చెప్పలేను. ఇంట్లో పెద్దవాళ్లెవరూ పక్కన కూర్చోకుండా పిల్లలే ఆడుకోవడానికైతే, ఆ ఎర్ర కార్డులను చూసి, నేను కొనమని చెప్పను.