డన్నోటర్ కోట: మొదటి రోజు గాలి తిని వచ్చాం, రెండో రోజు చూసొచ్చాం

ముందే చెప్పేస్తున్నా, స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఉన్న డన్నోటర్ కోటకి వెళ్లేవాళ్లు పొద్దున్నే కోట వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. గాలి ఎక్కువైతే మూసేస్తారు. మాకది తెలీదు. అబర్డీన్‌లో ఉండే మా బావ ఇంటి నుంచి రైల్లో ఇరవై నిమిషాల్లోపే స్టోన్‌హేవెన్‌లో దిగి, ట్యాక్సీ పట్టుకుని కొండ దాకా వెళ్తే లోపలికి పోనివ్వలేదు. అమ్మ శాలువా తలకి చుట్టుకుని, "ఈ గాలి తినడానికేనారా ఇంత దూరం తీసుకొచ్చింది?" అంది.

ఆ రాత్రికి స్టోన్‌హేవెన్‌లోనే ఆగిపోయాం, అది మాత్రం మంచి పనైంది. హార్బర్‌కి దగ్గర్లో ఒకాయన ఇంట్లోనే నడిపే బస దొరికింది. గది చిన్నది, మెట్లు మరీ ఇరుకు, సూట్‌కేస్‌ని నెత్తిన పెట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. పొద్దున టిఫిన్‌లో శాకాహారులకి బీన్స్, పుట్టగొడుగులు, టోస్టు, అంతే. అమ్మ తన సంచిలోంచి ఆవకాయ తీసింది. చాక్లెట్ బార్‌ని పిండిలో ముంచి నూనెలో వేయించే పద్ధతి 90ల్లో ఈ ఊళ్లోనే పుట్టిందంటారు, మేమూ తిన్నాం, ఒకటి నలుగురికి చాలు.

మర్నాడు గాలి తగ్గింది. అమ్మని ట్యాక్సీలో పంపి నేనూ బావా హార్బర్ నుంచి తీరం వెంట నడిచాం. 3 కిలోమీటర్లు ఉంటుంది, మొదట్లో ఎక్కుడు, పైన యుద్ధ స్మారకం, తర్వాత పొలాల అంచునే దారి. ఓపిక ఉంటే ఇలాగే వెళ్లండి, ఒక మలుపు దాటగానే మూడు వైపులా సముద్రం, మధ్యలో 50 మీటర్ల బండ, దాని నెత్తిన కూలిన గోడలు ఒక్కసారిగా కనబడతాయి, కారులో వచ్చేవాళ్లకి ఇది దక్కదు. దగ్గరికెళ్లి ఆ బండని చూస్తే పల్లీ పట్టీలా ఉంది, పాకంలో పల్లీలు అతుక్కున్నట్టు గుండ్రటి రాళ్లు వేలకొద్దీ.

మెట్లు 200 పైనే, ముందు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దంటాను. అమ్మ ఇవతల కొండ మీదే కూర్చుంది, నిజానికి ఫొటోలన్నీ అక్కడి నుంచే బాగా వచ్చాయి. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న కోటలన్నీ ఒకే టికెట్ మీద చూడ్డానికి ఎడిన్‌బరాలో కొన్న ఎక్స్‌ప్లోరర్ పాస్ ఇక్కడ చెల్లదు, ఇది ప్రైవేటు కోట, టికెట్ వేరే కొనాలి.

లోపల నన్ను ఆపేసింది విగ్స్ వాల్ట్ అనే నేలమాళిగ. 1685లో, రాజు మతాధికారాన్ని ఒప్పుకోని 167 మంది ఆడామగల్ని ఇందులో కుక్కారు. సముద్రం వైపు ఒక కిటికీ ఉంది. లోపల అందరం కలిపి ఆరుగురం నిలబడితేనే చాలా మందిమి ఉన్నట్టనిపించింది.

రెండో కథ కిరీటానిది. ఇంగ్లాండ్‌లో రాజరికాన్ని కూలదోసిన క్రామ్‌వెల్ సైన్యం 1651-52లో ఎనిమిది నెలలు ఈ కోటని చుట్టుముట్టినప్పుడు స్కాట్లాండ్ కిరీటం, రాజదండం, ఖడ్గం ఇక్కడే ఉన్నాయి. కినెఫ్ అనే పక్క ఊరి పాస్టర్ భార్య కిరీటాన్ని సైనికుల మధ్య నుంచే దాటించిందని ఒక కథ, తాడుతో కిందికి దించితే నాచు ఏరుకునే పనిమనిషి మోసుకెళ్లిందని ఇంకో కథ. ఎలాగైతేనేం, 1660 దాకా అవి కినెఫ్ చర్చి నేల కిందే ఉన్నాయి. కోట దొరికినా కిరీటం దొరకలేదు వాళ్లకి. అదే కిరీటాన్ని మేం రెండ్రోజుల ముందు ఎడిన్‌బరా కోటలో అద్దాల వెనక చూసి, వెనక క్యూ తోస్తుంటే, రెండు నిమిషాల్లో బయటికొచ్చేశాం. మీరు వెళ్తే ముందు డన్నోటర్, తర్వాతే ఎడిన్‌బరా పెట్టుకోండి.

పైకొచ్చి అమ్మకి ఈ కథ చెప్తే ఆవిడేం ఆశ్చర్యపోలేదు. "రజాకార్ల రోజుల్లో మా అమ్మమ్మ నగలన్నీ వడ్ల గుమ్మిలో దాచింది. ఆ పాస్టర్ భార్య పేరేంటి?" అంది. మిసెస్ గ్రెయింజర్ అని చెప్పాడు బావ.