హనీవెల్ పీటీఎం7950: ల్యాప్‌టాప్‌లో పేస్టు బదులు ఈ షీటు

ప్రాసెసర్ చిప్ వేడిని హీట్‌సింక్‌కి (ఆ వేడిని లాగేసే లోహపు భాగానికి) చేరవేసే థర్మల్ పేస్టు మార్పించిన కొన్ని నెలలకే ల్యాప్‌టాప్ మళ్లీ 95 డిగ్రీలు దాటుతుంటే, హీట్‌సింక్ విప్పి చూడండి. చాలాసార్లు చిప్ మధ్యభాగం దాదాపు ఖాళీగా, పేస్టు అంచుల్లో గట్టు కట్టి కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి డెస్క్‌టాప్‌లో ఉన్నట్టు పైన లోహపు మూత ఉండదు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ చిప్, హీట్‌సింక్ సాగి ముడుచుకుంటూ పల్చటి పేస్టుని పక్కకి నెట్టేస్తాయి.

పీటీఎం7950తో ఈ బెడద బాగా తక్కువ. గది వేడిలో ఇది 0.25 మి.మీ. బూడిదరంగు షీటు. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి, బిగింపు ఒత్తిడికి పల్చబడి, సందుల్లోకి సర్దుకుంటుంది. కరెంటు పాకదు కాబట్టి అంచు కాస్త బయటికొచ్చినా షార్ట్ అవుతుందన్న భయం లేదు.

అంటించడమే కాస్త చిరాకు. షీటుకి రెండు వైపులా అంటించి ఉండే రక్షణ ఫిల్మ్‌ని గది వేడిలో లాగితే షీటు కూడా లేచొస్తుంది. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే శుభ్రంగా ఊడుతుంది. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేయాలి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ సైజుకి ఒక్క పిసరు పెద్దగా కత్తిరించి పరచాలి. రెండో వైపు ఫిల్మ్ తీయడం మర్చిపోతే పడ్డ కష్టమంతా వృథా. స్క్రూలు హీట్‌సింక్ మీద ముద్రించిన 1, 2, 3, 4 వరుసలో కొంచెం కొంచెంగా బిగించాలి.

మొదటిరోజు రీడింగ్ చూసి నిరాశపడొద్దు. నాలుగైదు సార్లు బాగా వేడెక్కి చల్లారితేగానీ సర్దుకోదు.

గ్రాఫిక్స్ మెమరీ మీదున్న మందపాటి ప్యాడ్ల బదులు మాత్రం దీన్ని వాడకండి. అక్కడి ఖాళీని ఇది పూడ్చలేదు. ఆన్‌లైన్‌లో నకిలీలూ ఉన్నాయి, మరీ చవగ్గా కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇంకొకటి, ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము కంబళిలా పేరుకుంటే ఏ షీటూ ఏమీ చేయలేదు. విప్పినప్పుడే ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. మూత ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి ఇంత ఖర్చు అక్కర్లేదు, ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటి మామూలు పేస్టు చాలు.