కంపెనీల ఇన్వెస్టర్ పేజీలు: పన్నెండేళ్లు వాడాక నా సమీక్ష

షేర్లు కొనేముందు కంపెనీ కాగితాలు స్వయంగా చదవాలని పన్నెండేళ్ల క్రితం అనుకున్నాను. అప్పటి నుంచి ఫలితాల సీజన్ వచ్చిందంటే నా సాయంత్రాలు వాటితోనే గడుస్తాయి. నేను చూసేవి రెండు. ఒకటి, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ రిలేషన్స్ పేరుతో ఉండే పేజీ. రెండోది, అదే కంపెనీ నియంత్రణ సంస్థకో స్టాక్ ఎక్స్ఛేంజీకో చట్టప్రకారం పంపే ఫైలింగ్. రెండింట్లోనూ ఉండేవి ఆ కంపెనీ లెక్కలే. అయినా ఒకటి చదివాక కనిపించే కంపెనీ, రెండోది చదివాక కనిపించే కంపెనీ ఒక్కోసారి ఒకటి కావు.

మొదటి మూడేళ్లు నేను సొంత పేజీకే అతుక్కుపోయాను. అక్కడ పెట్టే ప్రెజెంటేషన్ ఇరవై స్లైడుల్లో అయిపోతుంది, గ్రాఫులు చూడముచ్చటగా ఉంటాయి. అలా నమ్మి షేర్లు కొన్న ఒక కంపెనీ ప్రతి ఏడాదీ రెండో స్లైడ్‌లోనే 'సర్దుబాటు చేసిన లాభం' అని పెద్ద అంకె వేసేది. పునర్వ్యవస్థీకరణ ఖర్చు ఈ ఒక్క ఏడాదికే కాబట్టి దాన్ని పక్కన పెట్టి చూడమని అర్థం. ఓ రోజు నాలుగేళ్ల ప్రెజెంటేషన్లు వరుసగా తెరిచి చూశాను. నాలుగేళ్లూ అదే ఖర్చు, నాలుగేళ్లూ 'ఈ ఒక్కసారికే' అన్న మాట. ఏటా చేతి నుంచి పోయే డబ్బును ఖర్చు కాదంటే ఎలా? అమెరికాలో 2003 నుంచి అమల్లో ఉన్న రెగ్యులేషన్ జి ప్రకారం, ఇలాంటి అంకె చెప్పే కంపెనీ దానికీ అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం వచ్చే అంకెకూ తేడా ఎక్కడ వచ్చిందో చూపే పట్టిక కూడా ఇవ్వాలి. ఆ కంపెనీ కూడా ఇచ్చింది. చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో. అప్పటి నుంచి ఏ ప్రెజెంటేషన్ అయినా వెనక నుంచే చదువుతున్నాను.

ఇన్నేళ్లలో నాకు బాగా అక్కరకొచ్చింది అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ నడిపే ఎడ్గర్ అనే ఆన్‌లైన్ ఫైలింగుల భాండాగారం. అక్కడి కంపెనీలు తమ పత్రాలను ఇందులో ఎలక్ట్రానిక్ రూపంలో దాఖలు చేయడం 1996 మే నాటికి తప్పనిసరి అయింది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. చూడటానికి పాత ఆఫీసు రిజిస్టరులా ఉంటుంది, అలవాటు పడటానికి నాకు ఆరు నెలలు పట్టింది. వార్షిక నివేదిక 10-కె, మూడు నెలల నివేదిక 10-క్యూ, మధ్యలో ఏదైనా పెద్ద పరిణామం జరిగితే సాధారణంగా నాలుగు పనిదినాల్లోపు 8-కె. ఈ మూడు పేర్లు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. వీటితో పాటు నేను వెతికే ఇంకో కాగితం ఉంది: నివేదిక గడువులోపు ఇవ్వలేకపోతున్నామని చెప్పే ఎన్‌టీ ఫారం. గడువు దాటిన మరుసటి పనిదినంకల్లా అది దాఖలు చేయాలి, చేస్తే వార్షిక నివేదికకు పదిహేను రోజులు అదనంగా దొరుకుతాయి. కంపెనీ పేజీ మొదటి వరుసలో దీన్ని పెట్టగా నేను ఎప్పుడూ చూడలేదు. ఎడ్గర్‌లో మాత్రం మిగతా ఫైలింగుల మధ్యే తేదీతో సహా ఉంటుంది.

ఎడ్గర్‌లో 2001 నుంచి వచ్చిన పత్రాల్లో ఏ మాటనైనా వెతకొచ్చు. నేను ఎక్కువగా కొట్టేది 'మెటీరియల్ వీక్‌నెస్' అన్న మాట. లెక్కల మీద ఉండాల్సిన అంతర్గత నియంత్రణలో పెద్ద లోపం ఉందని కంపెనీయే ఒప్పుకునే చోట అది వాడతారు. ఆ మాట ఒక ఏడాది కనిపించి, మరుసటి ఏడాది ఏం సరిచేశారో కూడా కనిపిస్తే నాకు ధైర్యం వస్తుంది. వరుసగా మూడేళ్లు కనిపిస్తే ఆ కంపెనీ జోలికి వెళ్లను.

ఫైలింగ్‌లో లెక్కల వెనక వివరణగా ఇచ్చే నోట్స్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఒక కంపెనీ అమ్మకాలు బాగా పెరిగాయని ప్రెజెంటేషన్ నిండా చెప్పుకుంది. అంకె నిజమే. కానీ ఫైలింగ్‌లో కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు ఎన్నాళ్లవో చెప్పే నోట్ చదివితే, ఆరు నెలలు దాటిన బాకీ ముందటేడాది కంటే రెట్టింపైంది. సరుకు పోయింది, బిల్లు వేశారు, డబ్బు రాలేదు. క్యాష్ ఫ్లో పట్టిక తెరిస్తే అక్కడా అదే సంగతి: లాభం ఉంది, వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు మాత్రం మైనస్‌లో ఉంది. ఈ రెండు చోట్లా కలిపి నేను గడిపింది ఇరవై నిమిషాలు. ఆ షేర్లు కొనకుండా ఆగిపోయాను.

ఇక ఫైళ్ల సంగతి. పీడీఎఫ్ అంటే అన్నీ ఒకటి కాదు. సంతకాలైన కాగితాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మనే పీడీఎఫ్‌గా పెట్టే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఏ మాట వెతికినా దొరకదు, అంకె కాపీ కాదు. అలాంటి ఒక నివేదిక నుంచి అంకెలు చేత్తో ఎక్కించుకుంటూ ఒకచోట 8ని 3గా చదివాను, ఆ తప్పు పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. కళ్లు కనబడని ఇన్వెస్టరు స్క్రీన్ రీడర్‌తో ఆ ఫైలు తెరిస్తే ఒక్క అక్షరం కూడా వినిపించకపోవచ్చు. ఇది చిన్న లోపం అని నేను అనుకోను.

దీనికి మంచి విరుగుడు ఎక్స్‌బీఆర్‌ఎల్, అంటే కంప్యూటరే చదవగలిగేలా లెక్కలు దాఖలు చేసే పద్ధతి. ప్రతి అంకెకూ అదేమిటో చెప్పే ట్యాగ్ ఉంటుంది, కాబట్టి అంకెలు నేరుగా స్ప్రెడ్‌షీట్‌లోకి వచ్చేస్తాయి. అమెరికాలో 2009లో పెద్ద కంపెనీలతో మొదలైంది. ఇప్పుడు ఇన్‌లైన్ పద్ధతిలో నివేదిక చదువుతూనే అంకె మీద నొక్కితే దాని నిర్వచనం, కాలవ్యవధి కనిపిస్తాయి. నాకు ఇది చాలా ఇష్టం. ఒక్క జాగ్రత్త: ప్రామాణిక ట్యాగ్ తమకు సరిపోదనుకుంటే కంపెనీలు సొంత ట్యాగులు తయారు చేసుకోవచ్చు. అలాంటివి ఎక్కువైతే రెండు కంపెనీలను పోల్చడం కుదరదు, మళ్లీ చేత్తో సరిచూసుకోవాల్సిందే.

ఫలితాల తర్వాత యాజమాన్యం విశ్లేషకులతో, ఇన్వెస్టర్లతో మాట్లాడే కాల్ విషయంలో భారత్ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇక్కడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం 2022 ఏప్రిల్ నుంచి ఆ కాల్ ఆడియో రికార్డింగ్‌ను 24 గంటల్లోపు లేదా మరుసటి ట్రేడింగ్ రోజుకు ముందే, ఏది ముందైతే అప్పటికి, వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ మాటలన్నీ అక్షరాల్లో ఉండే ట్రాన్‌స్క్రిప్ట్ ఐదు పనిదినాల్లో రావాలి. అమెరికాలో ఇంత కచ్చితమైన నియమం లేదు. అక్కడ 2000లో వచ్చిన రెగ్యులేషన్ ఎఫ్‌డీ వల్ల, ముఖ్యమైన సమాచారాన్ని కొందరు విశ్లేషకుల చెవిలో మాత్రమే వేయడానికి వీల్లేదు, అందుకే కాల్స్ అందరికీ తెరిచే ఉంచుతారు. రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచాలన్నది మాత్రం చాలావరకు కంపెనీ ఇష్టం. మూడు నెలల తర్వాత వెళ్తే లింకు పనిచేయని సందర్భాలు నాకు చాలా ఎదురయ్యాయి. అందుకే నచ్చిన కాల్ వెంటనే విని నోట్స్ రాసుకుంటాను. ముఖ్యంగా ప్రశ్నలు అడిగే భాగం. సూటి ప్రశ్నకు సమాధానం పక్కదారి పట్టిన చోట నిమిషం, సెకను రాసి పెట్టుకుంటాను.

సోషల్ మీడియాలోనూ సమాచారం ఇవ్వొచ్చని, అయితే ఏ ఖాతా చూడాలో ఇన్వెస్టర్లకు ముందే చెప్పాలని ఎస్‌ఈసీ 2013లో స్పష్టం చేసింది. నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధినేత రీడ్ హేస్టింగ్స్ ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక పోస్టు మీద విచారణ తర్వాత వచ్చిన మాట ఇది. నేను ఖాతాలు ఫాలో అవ్వను, ఈమెయిల్ అలర్ట్ పెట్టుకుంటాను. అది చాలు.

నాకు బాగా బాధ కలిగించేది పాత కాగితాలు మాయం కావడం. కిందటేడు ఒక కంపెనీ వెబ్‌సైట్ కొత్తగా కట్టారు. పేజీ అందంగా వచ్చింది, ఐదేళ్ల కిందటి ప్రెజెంటేషన్లు మాత్రం పోయాయి. నాకు కావాల్సింది అప్పట్లో యాజమాన్యం ఇచ్చిన మాట: ఎన్నేళ్లలో అప్పు ఎంత తగ్గిస్తామన్నారో చెప్పే ఒకే ఒక్క స్లైడ్. ఎక్స్ఛేంజీ ఫైలింగుల్లో తేదీ పట్టుకుని వెతికితే దొరికింది. ఆ తర్వాత ఇన్వెస్టర్ రిలేషన్స్ చిరునామాకు మర్యాదగా ఒక మెయిల్ రాశాను, ఏయే ఫైళ్లు కనబడటం లేదో తేదీలతో సహా. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఇప్పుడు ఆ పేజీ అడుగున 'ఆర్కైవ్' అని ఒక లింకు ఉంది. అందులో 14 ఫైళ్లు తిరిగి చేరాయి, ఇంకా ఆరు రావాలి. వాటి కోసం నిన్న మళ్లీ రాశాను.